ఇంటికో బొమ్మ: చిన్న కళా సంతలో అమ్మకం

చిత్రకారులు, శిల్పులు, హస్తకళాకారులు తమ పనిని తామే మోసుకొచ్చి, మధ్యలో దుకాణం గానీ గ్యాలరీ గానీ లేకుండా కొనేవారికి నేరుగా అమ్ముకునే చోటు కళా సంత. కాలనీ పార్కులోనో, కళాశాల ఆవరణలోనో, ఆదివారం పూట వాహనాలు ఆపేసిన రోడ్డు మీదో అది జరుగుతుంది. పది బల్లలతో మొదలై ఏటికేడు పెరిగే ఇలాంటి సంత, గ్యాలరీకి సాధ్యం కాని పని ఒకటి చేస్తుంది. గ్యాలరీ మెట్లెక్కడానికి జంకే కుటుంబం కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని సంతలోకి ధైర్యంగా వస్తుంది. ఆ ఇంటి గోడ మీద అంతవరకు క్యాలెండరు తప్ప మరో బొమ్మ ఉండకపోవచ్చు. ఆ ఇంటికి మొదటి చేతి బొమ్మను చేర్చడమే చిన్న సంతలో అమ్మకానికి అసలు లక్ష్యం. ధర, అమరిక, మాట, రసీదు, ప్యాకింగు అన్నీ ఆ లక్ష్యాన్ని బట్టే సాగాలి.

బొమ్మల్ని జనం మధ్యకు తెచ్చి అమ్మడం ఈ దేశానికి కొత్త కాదు. 19వ శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ ఆలయం చుట్టూ పటువాలనే చిత్రకారులు మిల్లు కాగితం మీద బొమ్మలు గీసి యాత్రికులకు అతి తక్కువ ధరకు అమ్మేవారు. ధర తక్కువ కాబట్టి చెయ్యి వేగంగా నడవాలి. ఆ వేగం నుంచే నిండైన వంపులు, తక్కువ గీతలు, ఖాళీ నేపథ్యం ఉన్న కాళీఘాట్ శైలి రూపుదిద్దుకుంది. యాత్రికులు చేత పట్టుకుపోయిన ఆ బొమ్మలు ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. సంతలో అమ్మితే కళ చులకనవుతుందని భయపడేవారికి ఆ బొమ్మలే సమాధానం.

బెంగాల్‌లోనే, శాంతినికేతన్ కళాభవన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజును పురస్కరించుకుని ఏటా డిసెంబరు మొదట్లో నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చేసిన చిత్రాలు, మట్టి పాత్రలు, కార్డులు, క్యాలెండర్లు అందుబాటు ధరకు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సంక్షేమానికి వెళుతుంది. బొమ్మ గీయడంతోపాటు దానికి ధర కట్టడం, కొనేవారితో మాట్లాడడం కూడా అక్కడి విద్యార్థి చదువుకునే రోజుల్లోనే నేర్చుకుంటాడు.

తెలుగు చిత్రకారులకు బాగా తెలిసిన ఉదాహరణ బెంగళూరు చిత్ర సంతె. కర్ణాటక చిత్రకళా పరిషత్ దీన్ని ప్రారంభించింది. సాధారణంగా జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు మీద వాహనాలు ఆపి, రోడ్డుకు రెండు వైపులా బొమ్మలు నిలబెడతారు. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి వెయ్యికి పైగా కళాకారులు వస్తున్నారు. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారూ ఉంటారు. కోవిడ్ కారణంగా 2021లో సంతెను ఆన్‌లైన్‌లో నడిపారు. ఇంటింటికీ ఒక కళాకృతి చేరాలన్నది దాని ఆశయం. వంద రూపాయల బొమ్మ, లక్ష రూపాయల బొమ్మ ఒకే రోడ్డు మీద ఉండడం, రోడ్డు మీద నడిచే హక్కు అందరికీ సమానంగా ఉండడం ఆ సంతె పెరగడానికి పెద్ద కారణాలు. చిన్న సంతలన్నీ గమనించాల్సిన విషయమిది.

తెలుగు నేల మీద ఇందుకు ఇంకా దగ్గరి పాఠాలున్నాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు ఒకప్పుడు పదుల అడుగుల పొడవైన పటాలు గీసేవారు. ఆ పటాలను వేలాడదీసి కథకులు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం చెప్పేవారు. కథ చెప్పించుకునేవారు తగ్గాక పటం చేయించేవారూ తగ్గారు. అప్పుడు కళాకారులు ఆ పొడవైన కథలోంచి ఒక్కో ఘట్టాన్ని విడదీసి, ఫ్రేములో ఒదిగే చిన్న బొమ్మగా గీయడం మొదలుపెట్టారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించే పద్ధతి పోలేదు. ఎర్రటి నేపథ్యమూ పోలేదు. మారింది కొలత మాత్రమే. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి చేసే మాస్కులు ఇంకా తక్కువ ధరకు వస్తాయి. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులూ ఇదే దారి పట్టారు. ఆటలు తగ్గిపోయాక అదే తోలు మీద, అదే ఉలితో దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేసి మేళాల్లో అమ్ముతున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పెద్ద పనిని వదులుకోకుండా, దాని పక్కనే చిన్న ఇంటికి సరిపోయే పనిని పెట్టడమే ఈ రెండు ఊళ్లూ చూపిన మార్గం.

సంతకు తీసుకెళ్లే సరుకును మూడు ధరల మెట్లుగా సిద్ధం చేసుకోవాలి. కింది మెట్టులో చేతితో గీసిన కార్డులు, పుస్తకంలో పెట్టుకునే గుర్తుపట్టీలు, అరచేతిలో పట్టే బొమ్మలు ఉంటాయి. ఆలోచించకుండా కొనగలిగే ధర వాటిది. మధ్య మెట్టులో చిన్న నీటిరంగుల చిత్రాలు, పరిమిత సంఖ్యలో తీసిన ప్రింట్లు ఉంటాయి. పై మెట్టులో ఫ్రేము కట్టిన పెద్ద చిత్రాలు రెండో మూడో ఉంటాయి. జనం ఆగేది పెద్ద చిత్రాన్ని చూసి. చేతికి తీసుకునేది కార్డును. ఇంటికి పట్టుకెళ్లేది చాలాసార్లు మధ్య మెట్టు బొమ్మను. మూడింట్లో ఏది లేకపోయినా మిగిలిన రెండింటి అమ్మకం దెబ్బతింటుంది.

ఒరిజినల్ ఏదో ప్రింటు ఏదో కొనేవారికి అడగకుండానే తెలియాలి. పరిమిత ప్రింట్ల మీద 50లో 7వది అన్నట్టు సంఖ్య రాసి, పెన్సిల్‌తో సంతకం పెట్టడం ఆనవాయితీ. యాభై అని రాశాక యాభై ఒకటోది తీయకూడదు. ఒక్కసారి ఆ మాట తప్పితే ఆ యాభై మంది దగ్గరా కళాకారుడి పరువు పోతుంది.

ధర కట్టడం చాలామందికి కష్టమైన పని. మొహమాటంతో కొందరు అతి తక్కువ చెబుతారు. బొమ్మ మీది మమకారంతో కొందరు అతి ఎక్కువ చెబుతారు. రెండింటికీ లెక్కే మందు. ఒక పద్ధతిలో బొమ్మ వైశాల్యాన్ని ఒక రేటుతో హెచ్చిస్తారు. చదరపు అంగుళానికి 15 రూపాయలు అనుకుంటే, 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తున్న చిత్రం 2,880 రూపాయలవుతుంది. క్యాన్వాసు, రంగులు, ఫ్రేము కలిపి 1,100 ఖర్చయి, పది గంటలు పని చేస్తే, గంటకు 178 రూపాయలు గిట్టినట్టు. ఆ కూలి చాలా, చాలదా అన్నది కళాకారుడు తన అనుభవాన్ని, నైపుణ్యాన్ని బట్టి తేల్చుకోవాలి. కానీ ఇదే రేటుతో 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తున్న చిత్రం 12,960 రూపాయలకు ఎగబాకుతుంది. అందుకే కొందరు వెడల్పునూ ఎత్తునూ హెచ్చించకుండా కూడుతారు. అంగుళానికి వంద రూపాయల చొప్పున చిన్న చిత్రం 2,800, పెద్ద చిత్రం 6,000 అవుతాయి. ఏ పద్ధతైనా ఫరవాలేదు, అన్ని బొమ్మలకూ ఒకటే పాటించాలి. పక్కపక్కనే ఉన్న ఒకే కొలత బొమ్మలకు వేర్వేరు ధరలుంటే, తక్కువ ధర బొమ్మలో ఏదో లోపముందని కొనేవారు అనుకుంటారు.

సంతలో అమ్మే కళాకారుడి బొమ్మలు గ్యాలరీలో కూడా ఉంటే మరో జాగ్రత్త అవసరం. గ్యాలరీలు అమ్మకపు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్ తీసుకోవడం మామూలే. సంతలో ఆ కమీషన్ ఉండదు కదా అని ధర దించితే, గ్యాలరీలో కొన్నవారు మోసపోయామనుకుంటారు. ఒకే బొమ్మకు ఒకే ధర అనే నియమం గ్యాలరీనీ, పాత కొనుగోలుదారులనూ, కళాకారుణ్నీ కాపాడుతుంది.

సంత రోజు ఖర్చు వేరే లెక్క. స్టాలు అద్దె 1,500, రవాణా 1,000, తిండి, సంచులు 500 అనుకుంటే, ఆ రోజు 3,000 రూపాయలు మిగిలాకే లాభం మొదలవుతుంది. 50 రూపాయల కార్డుకు 20 ఖర్చు పోను 30 మిగిలితే, కార్డులు మాత్రమే పెట్టినవారు వంద కార్డులు అమ్మితే గాని ఖర్చు రాదు. అదే ముప్పై కార్డులు, ఒక్కోదానికి 300 మిగిలే నాలుగు ప్రింట్లు, 900 మిగిలే ఒక చిన్న చిత్రం అమ్మితే ఖర్చు సరిపోతుంది. వెళ్లే ముందే ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే ఏ మెట్టులో ఎన్ని బొమ్మలు కావాలో తెలుస్తుంది. అద్దె మోయలేని కొత్తవారు ఇద్దరు కలిసి ఒక స్టాలు పంచుకోవడం మంచి పద్ధతి. ఒకరు భోజనానికి వెళ్తే మరొకరు ఉంటారు.

అమరికలో మొదటి నియమం ఎత్తు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు ఐదడుగుల దగ్గర, అంటే నిలబడినవారి కంటికి ఎదురుగా ఉండాలి. బల్ల మీద పడుకోబెట్టిన బొమ్మను దూరం నుంచి ఎవరూ చూడలేరు. ఇనుప జాలీకి తగిలించినా, ఈజిల్ మీద నిలబెట్టినా అది నాలుగు స్టాళ్ల అవతలికి కనిపిస్తుంది. ఉన్న బొమ్మలన్నీ ఒకేసారి పరచకూడదు. చుట్టూ కాస్త ఖాళీ ఉంటేనే బొమ్మ మీద చూపు నిలుస్తుంది. మిగిలినవాటిని అట్టపెట్టెలో నిలువుగా పేరిస్తే, వచ్చినవారు ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంటారు. ఆరుబయట సంతలో గాలికి జాలీలు పడిపోకుండా కాళ్లకు ఇసుక సంచులు కట్టాలి. నీటిరంగుల చిత్రాలను నేరుగా ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. వాన చినుకు పడితే కప్పడానికి పాలిథిన్ పట్టా చేతికందేలా ఉండాలి.

ప్రతి బొమ్మ పక్కనా చీటీ ఉండాలి. దాని మీద బొమ్మ పేరు, వాడిన రంగులు, కొలత, ధర స్పష్టంగా రాయాలి. ధర రాయకపోతే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవారే ఎక్కువ. మొదటిసారి బొమ్మ కొనాలనుకునేవారికి ఈ మొహమాటం మరీ ఎక్కువ. ఆ చీటీ వారి బిడియాన్ని తీరుస్తుంది.

వచ్చినవారితో మాట కూడా అమ్మకపు కళలో భాగమే. స్టాలు ముందు ఎవరైనా ఆగగానే మీద పడిపోయినట్టు మాట్లాడితే వారు జారుకుంటారు. ఫోనులో తల దూర్చి కూర్చుంటే తమను పట్టించుకోలేదని వెళ్లిపోతారు. చిన్న నవ్వు నవ్వి, కాసేపు చూడనిచ్చి, వారి చూపు ఒక బొమ్మ మీద నిలిచాక దాని గురించి రెండు మాటలు చెప్పాలి. ఏ ఊరి చెరువు అది, ఆ నీలం రంగు ఎలా వచ్చింది, గుడ్డకు ఎన్ని పూతలు పెట్టాల్సి వచ్చింది అన్న సంగతులు బొమ్మను వారికి దగ్గర చేస్తాయి. సిద్ధాంతాల ఉపన్యాసం అక్కర్లేదు. అన్నిటికంటే బాగా పనిచేసేది అక్కడే కూర్చుని పని చేయడం. కుంచె కదులుతుంటే పిల్లలు ఆగుతారు. పిల్లలు ఆగితే పెద్దలు ఆగుతారు. ఆ బొమ్మ చేతిపని అని నిరూపించడానికి వేరే సాక్ష్యం అవసరముండదు.

సంత అన్నాక బేరం తప్పదు. బేరమాడడం బొమ్మను అవమానించడం కాదు. కూరగాయల దగ్గర, చీరల దగ్గర అలవాటైన మాటే ఇక్కడా వస్తుంది. దానికి కోపం తెచ్చుకోకుండా, ఆ ధర వెనక ఉన్న పనిని చెప్పాలి. ఒక్క బొమ్మకు తగ్గింపు ఇవ్వకుండా, రెండు కొంటే కొంత తగ్గిస్తామనడం ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. ఆ ధర పెట్టలేనివారికి మధ్య మెట్టులోని బొమ్మను చూపించవచ్చు. ఉదయం బోణీ బేరమని, సాయంత్రం మూటకట్టే వేళ అని ధర పడగొడితే, మధ్యాహ్నం పూర్తి ధర ఇచ్చినవారికి అన్యాయం జరుగుతుంది. వచ్చే ఏడు జనం సాయంత్రం దాకా ఆగడం కూడా నేర్చుకుంటారు.

డబ్బు తీసుకునే ఏర్పాటు ముందే ఉండాలి. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర బాధ చాలావరకు తగ్గింది. క్యూఆర్ కోడ్‌ను అట్టకు అంటించి అందరికీ కనిపించేలా నిలబెట్టాలి. జనం గుమిగూడిన చోట సిగ్నల్ మందగిస్తుంది కాబట్టి, కొనేవారి ఫోను తెర మీద కనిపించేదాన్ని నమ్మకుండా, తన ఖాతాకు డబ్బు చేరిన సందేశం చూసుకున్నాకే సరుకు అందించాలి. నగదు ఇచ్చే పెద్దల కోసం చిల్లర కొంత దగ్గరుంచుకోవాలి.

అమ్మిన ప్రతి చిత్రానికీ రసీదు ఇవ్వాలి. అందులో బొమ్మ పేరు, గీసిన సంవత్సరం, కొలత, వాడిన సామగ్రి, ధర, కళాకారుడి సంతకం ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బొమ్మ ఎవరిదని ఎవరైనా అడిగితే ఆ కాగితమే చెబుతుంది. దానితోపాటు హక్కుల సంగతి కూడా ఇద్దరికీ తెలిసుండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మను అమ్మినంత మాత్రాన కాపీరైట్ చేతులు మారదు. కొన్నవారు దాన్ని గోడకు తగిలించుకోవచ్చు, కానుకగా ఇవ్వవచ్చు. ప్రింట్లు తీసి అమ్మాలంటే మాత్రం కళాకారుడి రాతపూర్వక అనుమతి కావాలి. ఆ హక్కు కళాకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. ఇదే చట్టంలోని 53ఎ సెక్షన్ మరో మేలు చేసింది. చిత్రాన్ని ఎవరైనా తిరిగి అమ్మినప్పుడు ధర 10,000 రూపాయలు దాటితే, అందులో 10 శాతానికి మించకుండా వాటా పొందే హక్కు దాన్ని గీసిన కళాకారుడికీ, ఆ తర్వాత వారసులకూ ఉంది.

ఆర్డరు మీద గీసే బొమ్మల విషయంలో నియమం మారుతుంది. సంతలో పరిచయమైనవారు తమ తల్లిదండ్రుల రూపచిత్రమో, తమ పాత ఇంటి బొమ్మో గీసిపెట్టమని అడగడం మామూలే. ఒకరు డబ్బిచ్చి ప్రత్యేకంగా గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ గీయించుకున్నవారికే చెందుతుంది. అందుకే కొలత, గడువు, మొత్తం ధర, ముందు ఇచ్చే సొమ్ము, హక్కు ఎవరిదన్న మాట ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. సగం సొమ్ము ముందే తీసుకోవడం న్యాయం. ఇతరులు తీసిన ఫోటోను చూసి గీసిన బొమ్మను అనుమతి లేకుండా అమ్మితే, తన హక్కు కోసం గట్టిగా నిలబడే కళాకారుడే ఇంకొకరి హక్కును తొక్కినట్టవుతుంది.

బొమ్మ భద్రంగా ఇల్లు చేరేదాకా అమ్మకం పూర్తికాదు. కాగితపు చిత్రాన్ని గట్టి అట్టకు ఆనించి పారదర్శక సంచిలో పెట్టాలి. ఆక్రిలిక్ చిత్రానికి బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా చుడితే వేడికి రంగు పొరకు అంటుకుని గుర్తులు పడతాయి. మధ్యలో గ్లాసిన్ కాగితం ఉండాలి. ఫ్రేము మూలలకు అట్ట తొడుగులు వేయాలి. ఫ్రేము లేని క్యాన్వాసును చుట్టాల్సి వస్తే రంగు పైకి ఉండేలా, లావు గొట్టం మీద వదులుగా చుట్టాలి. సంచిలో ఒక చిన్న కార్డు వేసి, బొమ్మను తేమ గోడకు, నేరుగా ఎండ పడే చోటికి దూరంగా తగిలించమని రాస్తే, మొదటిసారి కొన్నవారికి అది పెద్ద సాయం.

సంత ముగిశాక ఆ రాత్రే లెక్క రాసుకోవాలి. ఏవి అమ్ముడుపోయాయి, ఏ ధరకు పోయాయి, దేని ముందు ఎక్కువమంది ఆగారు, దేన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశారు అన్న వివరాలు వచ్చే సంతకు దారి చూపిస్తాయి. చాలామంది చేతికి తీసుకుని కూడా కొనని బొమ్మకు చిన్న కొలత ప్రింటు తీస్తే సరిపోవచ్చు. ఎవరూ ఆగని బొమ్మను చెడ్డదని కొట్టేయకూడదు. ఆ సంతకు వచ్చే జనానికి అది సరైనది కాకపోవచ్చు. కొన్నవారి ఫోను నంబరును వారి అనుమతితోనే రాసుకుని, వచ్చే సంత తేదీ తెలపడానికే వాడాలి.

ఇక సంతను నడిపేవారి బాధ్యత. వారపు సంత ఎన్ని తరాలుగానో నిలవడానికి కారణం అది అదే రోజు, అదే చోట జరగడం. కళా సంత కూడా ఏటా ఒకే నెలలో, ఒకే చోట జరిగితే జనం ఆ రోజు కోసం డబ్బు పక్కన పెట్టుకుంటారు. పేరు పెరిగేకొద్దీ మూడు ప్రమాదాలు పొంచి ఉంటాయి. మొదటిది, స్టాలు అద్దె పెరిగి విద్యార్థులు, పల్లె కళాకారులు తప్పుకోవడం. రెండోది, ఫ్యాక్టరీ సరుకు చేతిపని పేరుతో చొరబడడం. మూడోది, తిండి స్టాళ్లు, పెద్ద పాటల హోరు బొమ్మల్ని మింగేయడం. విద్యార్థులకు సగం అద్దె, చేతిపనికే చోటు అనే నియమాలు పెట్టి, తిండికి దూరంగా వేరే మూల కేటాయిస్తే ఈ మూడూ అదుపులో ఉంటాయి. స్టాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెంచకుండా, వచ్చే జనాన్ని బట్టి మెల్లగా పెంచాలి. జనం పెరగకుండా స్టాళ్లు పెరిగితే ప్రతి కళాకారుడి అమ్మకమూ తగ్గుతుంది. ఎంత మొత్తం అమ్ముడైందన్న లెక్కతోపాటు, బొమ్మ కొనడం ఇదే మొదటిసారి అన్నవారు ఎందరన్న లెక్క కూడా నిర్వాహకులు ఏటా రాసుకోవాలి. ఆ రెండో సంఖ్య పెరుగుతున్నంతకాలం ఆ సంత సరైన దారిలో పెరుగుతున్నట్టే.